దిశ లాంటి చట్టాలు: బాధితురాలి జ్ఞాపకంగా చట్టం చెయ్యడం సబబేనా?

గుండ్లకమ్మ: శంషాబాద్‌లో ఓ డాక్టరమ్మాయిపై అత్యాచారం, హత్య జరిగిన 16 రోజులకే, 2019 డిసెంబరు 13న మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ అన్నారు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. ఇట్టాంటి చట్టాలతో ఒరిగేదేమైనా ఉందా? ఒంగోలు, నెల్లూరు కోర్టుల సంగతి ఎరిగినోళ్లు చెప్పండి.

పెన్నా గట్టు: ఎందుకు లేదు? నిర్భయ ఉదంతం లేకపోతే క్రిమినల్ చట్టాలకు 2013లో చేసిన సవరణ ఎన్నేళ్లు నానేదో. వెంటపడి వేధించడం, చాటుగా చూడటం, యాసిడ్ పొయ్యడం విడి నేరాలయింది అప్పుడే. ఎఫ్ఐఆర్ రాయని పోలీసుకి శిక్షా అప్పుడే వచ్చింది.

కావలి ప్లీడరు: అయ్యా, దానికి ముందు జస్టిస్ వర్మ కమిటీ 29 రోజులు కూర్చుని నివేదిక రాసింది. దిశకు ఆ కసరత్తు ఏది? క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చెయ్యొచ్చు. కేంద్ర చట్టానికి అడ్డొచ్చేది రాష్ట్రం చేస్తే రాజ్యాంగం 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఒప్పుకోవాల్సిందే. బిల్లు రాసేనాటికే అందరికీ తెలిసిన సంగతి ఇది.

ఉదయగిరి దుర్గం: అసలు 7 రోజుల్లో ఏమవుద్ది? బాధితురాలి బట్టలు నీడన ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టి, సీలెయ్యాల. తడిగా ప్లాస్టిక్ కవర్లో కుక్కితే బూజు పట్టి డీఎన్ఏ చెడిపోద్ది. కవరు మీద సీలు, లేఖతో పంపిన నమూనా సీలు తేడా వస్తే ఫోరెన్సిక్ ల్యాబ్‌లోనే ఆగిపోద్ది. స్టేషన్లో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ తేదీన పోయిందో రాయకపోతే, కోర్టులో డిఫెన్సు లాయరు మొదట పట్టుకునేది ఆ ఖాళీనే. గిద్దలూరు కేసైనా, సూళ్లూరుపేట కేసైనా ఇంతే. శిక్ష పెంచితే ఆ ఖాళీ పూడదు.

పెన్నా గట్టు: అట్టయితే గడువే వద్దంటారా? ఏళ్ల తరబడి తిరగాల్సిందేనా?

కావలి ప్లీడరు: గడువు ఉండనే ఉంది కదయ్యా. అత్యాచారం కేసులో దర్యాప్తుకి 2 నెలలు, ఛార్జిషీటు వేశాక విచారణకి 2 నెలలు. అది అమలుకాక చస్తుంటే 21 రోజులంటారేంది! తొందరలో తప్పుడు మనిషి ఇరుక్కుంటే? 2007లో విజయవాడ హాస్టల్ విద్యార్థిని హత్య కేసు గుర్తుంది కదా. 2010లో శిక్ష పడినతను 2017లో హైకోర్టులో నిర్దోషిగా బయటికొచ్చాడు. దోషి చిక్కలా, అతని ఏళ్లు తిరిగిరాలా.

గుండ్లకమ్మ: మరి పేరు సంగతి? జ్ఞాపకం అంటున్నాం, పేరు చెప్పకూడదంటున్నాం.

కావలి ప్లీడరు: అందుకే నిర్భయ, దిశ అన్నీ పెట్టుడు పేర్లే. చనిపోయినామె అయినా, ఇంటోళ్లు సరేనన్నా అసలు పేరు బయటపెట్టకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బయటపెట్టక తప్పదనుకుంటే సెషన్స్ జడ్జి నిర్ణయించాల.

పెన్నా గట్టు: సరే, పేరు ఏదైనా పెట్టుకోండి. ఈసారి ఇట్టాంటి బిల్లొస్తే మాత్రం నేను చూసేది వెనక ఉండే ఆర్థిక మెమొరాండం, అదే ఖర్చు లెక్క చెప్పే కాగితం. ల్యాబ్‌లో ఎన్ని పోస్టులు, ప్రత్యేక కోర్టులకు ఎంత డబ్బు.

ఉదయగిరి దుర్గం: అది చదివే ఎమ్మెల్యే ఎవరున్నారు సామీ!