అప్‌డేట్: రీసెట్ చేసిన కియోస్క్‌లు ఆటోపైలట్‌లో మళ్లీ నమోదు కాకపోవడం

రిసెప్షన్‌లో సందర్శకులు తమ వివరాలు నమోదు చేసే కంప్యూటర్లైన విజిటర్ కియోస్క్‌లను రీసెట్ చేశాక, ఆటోపైలట్ (విండోస్ యంత్రాలను కంపెనీ సెట్టింగ్‌లతో సిద్ధం చేసే మైక్రోసాఫ్ట్ సేవ) సెల్ఫ్ డిప్లాయింగ్ పద్ధతిలో, అంటే ఎవరూ లాగిన్ కాకుండానే సెటప్ జరిగే విధానంలో, అవి మళ్లీ నమోదు కాకుండా 80180014 ఎర్రర్‌తో ఆగిపోతున్నాయని ఇంతకుముందు అడిగాను. కారణం తెలిసింది. మీలో కొందరు అనుమానించినట్లు యంత్రం గుర్తింపును రుజువు చేసే భద్రతా చిప్ టీపీఎమ్‌లో లోపమేమీ లేదు; టీపీఎమ్ 2.0 ధ్రువీకరణ దశను యంత్రాలు దాటుతూనే ఉన్నాయి. ఈ పద్ధతిలో ఒకసారి నమోదైన యంత్రం, అడ్మిన్ అనుమతి లేకుండా తనంతట తాను తిరిగి నమోదు కాకూడదని భద్రత కోసం పెట్టిన నిబంధనే అడ్డుపడింది. కంపెనీ యంత్రాలను నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ ఇంట్యూన్‌లో ఆటోపైలట్ పరికరాల జాబితా తెరిచి, సీరియల్ నంబరును బట్టి ఆ యంత్రాన్ని ఎంచుకుని ‘అన్‌బ్లాక్ డివైస్’ నొక్కి, కాసేపు ఆగి మళ్లీ రీసెట్ చేస్తే సెటప్ చివరిదాకా సాగింది. ఆటోపైలట్ యంత్రాన్ని గుర్తుపట్టేందుకు వాడే కోడ్ అయిన హార్డ్‌వేర్ హ్యాష్‌ను మళ్లీ ఎక్కించవలసిన అవసరం రాలేదు.

అయితే సెటప్ పూర్తయ్యాక కియోస్క్ ఖాతా దానంతట అదే లాగిన్ కాకపోవడం మరో చిక్కు. లాగిన్‌కు ముందు కంపెనీ హెచ్చరిక చూపే పాలసీ మిగతా కంప్యూటర్లతో పాటు వీటికీ వర్తిస్తోంది. ప్రతిసారీ ఆ తెర ముందు నిలబడి ‘ఓకే’ నొక్కేవారెవరు? ఆ పాలసీ నుంచీ, పాస్‌వర్డ్ నియమాలు విధించే డివైస్ లాక్ పాలసీ నుంచీ కియోస్క్‌ల గ్రూపును మినహాయించాము. ఇప్పుడు రీస్టార్ట్ చేస్తే నేరుగా విజిటర్ నమోదు పేజీ వస్తోంది. ఒక యంత్రంలో మాత్రం టచ్ స్క్రీన్ డ్రైవరు ఇంకా సతాయిస్తోంది. దాని గురించి విడిగా అడుగుతాను.