ఫాక్స్-డేవిస్ ఎవరు? ఆయన చెప్పిన నియమం మన వంశ చరిత్రలకు వర్తిస్తుందా?

దేవరకొండ నుంచి ఒక పాఠకుడు:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గరి పల్లె. నాలుగేళ్లుగా మా వంశ చరిత్రను పుస్తకంగా కూర్చుతున్నాను. లండనులో స్థిరపడిన మా చిన్నాయన మనుమడు ఈమధ్య ఒక డాలు బొమ్మ పంపించి, ఇది మన ఇంటిపేరుకు చెందిన లాంఛనమనీ (ఐరోపాలో పెద్ద కుటుంబాలవారు డాలు మీద వేసుకునే గుర్తు), పుస్తకం అట్ట మీద దీన్నే వేయాలనీ కోరాడు. ఇంటిపేరు చెప్పి రుసుము కడితే అక్కడెవరో దాన్ని తయారు చేసి ఇచ్చారట. పిల్లవాడు ప్రేమతో చేసిన పని కనుక వెంటనే కాదనలేక, హెరాల్డ్రీ అనే ఈ లాంఛనాల విద్య గురించి చదవడం మొదలుపెట్టాను. ఎక్కడ చూసినా ఆర్థర్ చార్లెస్ ఫాక్స్-డేవిస్ అనే రచయిత పేరే కనిపిస్తున్నది. ఆయన రాజాస్థానంలో ఉద్యోగి అయి ఉండి ఈ విద్య నియమాలను రాశాడా, లేక సొంతంగా రాశాడా? ఆయన మాటను ఎంతవరకు ప్రమాణంగా తీసుకోవచ్చు? తెలిసిన పెద్దలు వివరించగలరని మనవి.

మహబూబ్‌నగర్ నుంచి, విశ్రాంత న్యాయవాది:

అయ్యా, ఫాక్స్-డేవిస్ రాజోద్యోగి కాడు. ఇంగ్లండులో లాంఛనాలను మంజూరు చేసే అధికారం లండనులోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థది. 1484లో మూడో రిచర్డ్ రాజు దానికి శాసనపత్రం ఇచ్చాడు. అందులో 13 మంది అధికారులుంటారు. ఫాక్స్-డేవిస్ ఏనాడూ ఆ 13 మందిలో ఒకడు కాలేదు. అయినా ఆ సంస్థ అధికారాన్ని ఆయనంత పట్టుదలగా సమర్థించిన రచయిత మరొకరు లేరని నా అభిప్రాయం.

ఆయన 1871లో బ్రిస్టల్‌లో పుట్టాడు. తండ్రి కోల్‌బ్రూక్‌డేల్ ఇనుప కర్మాగారంలో పని చేసినందువల్ల అక్కడే పెరిగాడు. పద్నాలుగేళ్ల వయసులో ఒక ఉపాధ్యాయుణ్ణి కొట్టినందుకు బడి నుంచి తీసివేశారు. పుట్టినప్పటి ఇంటిపేరు డేవిస్ మాత్రమే. 1890లో, తన పంతొమ్మిదో పుట్టినరోజున, తల్లి పుట్టింటి పేరైన ఫాక్స్‌ను దస్తావేజు ద్వారా ముందు చేర్చుకున్నాడు. ఇంటిపేరును సైతం కాగితం మీద స్థిరపరచుకున్న ఈ మనిషి తరువాతి జీవితమంతా కాగితం లేని గౌరవాన్ని ఒప్పుకోనని వాదించడం నాకు ఆశ్చర్యంగా తోచదు.

ఇరవై నాలుగేళ్ల వయసులో, 1895లో, 'ఆర్మోరియల్ ఫ్యామిలీస్' అనే పెద్ద సంపుటాన్ని ప్రకటించాడు. లాంఛనాలు ధరించే హక్కు ఏయే కుటుంబాలకు సక్రమంగా ఉన్నదో అందులో నమోదు చేశాడు. సనదు, అంటే మంజూరు పత్రం, చూపలేని వారి విషయాన్ని వాలు అక్షరాలలో అచ్చు వేయించడంతో ఎందరో పెద్దమనుషులు నొచ్చుకున్నారు. 1899లో 'ది రైట్ టు బేర్ ఆర్మ్స్' పుస్తకాన్ని తన పేరు పెట్టకుండా, 'ఎక్స్' అన్న ఒక్క అక్షరంతో వెలువరించాడు. మీకు కనిపించిన 'ఎ కంప్లీట్ గైడ్ టు హెరాల్డ్రీ' 1909 నాటిది. స్కాట్లండ్‌లో లాంఛనాల వ్యవహారాలు చూసే లయన్ కోర్టు చిత్రకారుడు గ్రాహమ్ జాన్‌స్టన్ దానికి బొమ్మలు వేశాడు. దాదాపు 800 చిత్రాలున్న ఆ గ్రంథాన్ని చూస్తే, పుస్తకం ఇంతకాలం ఎందుకు నిలిచిందో చదవక ముందే తెలుస్తుంది.

వృత్తిరీత్యా ఆయన బారిస్టరు. 1906లో లింకన్స్ ఇన్ నుంచి పట్టా పొందాడు. 1907లో రెండు నేరపరిశోధక నవలలు కూడా ప్రకటించాడు. పార్లమెంటుకు పోటీ చేసి గెలవలేకపోయాడు. 1928లో మరణించాడు.

మీ సందేహానికి సూటిగా జవాబు: ఇంగ్లండు నియమం ప్రకారం లాంఛనం ఒక మనిషికి మంజూరవుతుంది, ఆ మనిషి నుంచి సక్రమ సంతతికి సంక్రమిస్తుంది. ఇంటిపేరుకు లాంఛనం ఉండదు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఇంకొకరి డాలు మనది కాదు. కాబట్టి మీ చిన్నాయన మనుమడు పంపిన బొమ్మకు ఫాక్స్-డేవిస్ లెక్కలో విలువ లేదు.

నల్లగొండ నుంచి, చరిత్ర పరిశోధక విద్యార్థిని:

వకీలు గారు చెప్పిన ఫాక్స్-డేవిస్ జీవిత విశేషాలతో నాకు పేచీ లేదు. అయితే సనదు ఉంటేనే లాంఛనం చెల్లుతుందన్న ఆయన సిద్ధాంతాన్ని ఆ రోజుల్లోనే సమర్థులైన వారు ఎదిరించారన్న సంగతి కూడా దేవరకొండ వారికి తెలియాలి. 1902 నుంచి 1905 వరకు 'ది యాన్సెస్టర్' పత్రికను నడిపిన ఆస్వాల్డ్ బ్యారన్, మధ్యయుగ పత్రాలను నిశితంగా పరీక్షించిన జె. హొరేస్ రౌండ్ వారిలో ముఖ్యులు. డాళ్ల మీద గుర్తులు పన్నెండో శతాబ్దిలోనే మొదలయ్యాయి, కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ వచ్చింది 1484లో. మధ్యలోని మూడు వందల ఏళ్లలో ఎందరో యోధులు తమ గుర్తులను తామే ఎంచుకున్నారు. 1530 నుంచి 1688 వరకు అధికారులు జిల్లాలు తిరిగి ఎవరి లాంఛనం సరైనదో విచారించారు గానీ, అప్పటికే వాడుక పాతుకుపోయి ఉంది. తరువాత వచ్చిన దఫ్తరును పట్టుకుని ముందున్న ఆచారాన్ని చెల్లదనడం చరిత్ర దృష్టిలో నిలవదని నేను అనుకుంటాను.

మన ప్రాంతానికి ఈ తేడా చాలా ముఖ్యం. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఎరకేశ్వరాలయంలో 1208 నాటి శాసనం ఉన్నది. రేచెర్ల రెడ్డి వంశీకుల గురించి అది రాతి సాక్ష్యం. రాచకొండ, దేవరకొండలను ఏలిన రేచెర్ల పద్మనాయకుల కథ మరొక దారిలో వచ్చింది. 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున నేలటూరి వెంకటరమణయ్య గారు పరిష్కరించిన 'వెలుగోటివారి వంశావళి'లో ఆ వంశానికి మూలపురుషుడు చెవిరెడ్డి. రేచడు అనే సేవకుడు నిక్షేపం కోసం తన ప్రాణాన్ని ఇచ్చి, ప్రతిగా తన పేరు ఆ వంశానికి నిలవాలని కోరాడన్న గాథ ఆ వంశానికి ఉన్నది. ఈ గాథను ఏ దఫ్తరూ ధ్రువీకరించలేదు. అయినా ఒక ఏలిక వంశం తన పేరును సేవకుడికి బాకీపడినట్టు చెప్పుకోవడం నన్ను ఎంతగానో కదిలిస్తుంది. ఏ శాసనమూ చెప్పని మాటను అది చెబుతున్నది. ఫాక్స్-డేవిస్ చేతికిస్తే ఆయన దాన్ని వాలు అక్షరాలలోకి నెట్టేవాడు. మనం దాన్ని గాథ అని స్పష్టంగా పేర్కొని ఉంచుకోవాలి.

మహబూబ్‌నగర్ నుంచి, విశ్రాంత న్యాయవాది:

అమ్మాయి గారి మాట న్యాయంగా ఉన్నది. ఒక్కటి మాత్రం చేర్చుతాను. వాలు అక్షరాలను అవమానంగా కాక, గుర్తుగా వాడితే అది మంచి పద్ధతే. పుస్తకంలో సేత్వారు (పాత భూమి సర్వే రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో తెలిపే రికార్డు), ఇనాముంటే ముంతఖాబ్ (ఇనామును ధ్రువీకరించే పత్రం) వంటి కాగితాల నుంచి తీసుకున్నది ఒక అచ్చులో, ఇంటి పెద్దల నోటి నుంచి విన్నది మరొక అచ్చులో వేయించండి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో మీ మనుమలకు కూడా తెలుస్తుంది.

దేవరకొండ నుంచి ఒక పాఠకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. డాలు బొమ్మను అట్ట మీద వేయను. పిల్లవాడికి కారణం వివరంగా ఉత్తరం రాశాను. బాధపడలేదు, తానే ఖాస్రా పహాణీ నకలు అడిగాడు. మా ఇంటికి తరతరాలుగా వచ్చి గోత్రం, వంశం చెప్పే పిచ్చిగుంట్ల కుటుంబం, ఇప్పుడు వంశరాజ్ అనే పేరుతో ఉన్నవారు, ఇంకా మాకు పన్నెండు మైళ్ల దూరంలోనే ఉన్నారు. వారిలో పెద్దాయనకు చూపు తగ్గింది గానీ మా తాతల పేర్లు ఏడు తరాల దాకా తడుముకోకుండా చెబుతాడు. వచ్చే ఆదివారం వారింటికి వెళ్లి, ఆయన అనుమతితో రికార్డు చేసుకుని, ఆయన చెప్పిందంతా వకీలు గారు సూచించినట్టు వేరే అచ్చులో, ఆయన పేరుతోనే వేయిస్తాను.