‘ఆస్తిలో హక్కు’: ఈ ‘లో’ షష్ఠా, సప్తమా?

పాతకాగితం: తాకట్టుకి ఒక నిఘంటువులో చదివిన నిర్వచనం సగమే గుర్తుంది. ‘అప్పుకు హామీగా ఫలానా స్థిరాస్తి...’ తర్వాత ‘ఆస్తిలో హక్కు’ అనా, ‘ఆస్తిపై హక్కు’ అనా? నిన్నట్నుంచి బుర్ర తొలిచేస్తోంది.

మఫసల్ ప్లీడరు: ‘లో’నే అయ్యుండాలండీ. 1882 ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం తాకట్టులో చేతులు మారేది ఆస్తి‘లో’ హక్కు. 100వ సెక్షన్‌లోని ఛార్జి మాత్రం ఆస్తి ‘మీద’. అక్కడ హక్కేమీ మారదు, బాకీకి ఆస్తి పూచీ పడుతుందంతే. 54లో రెండూ పక్కపక్కనే ఉంటాయి: అమ్మకం అగ్రిమెంటు దానంతటది ఆస్తిలో హక్కునూ పుట్టించదు, ఆస్తి మీద ఛార్జినీ పుట్టించదు. అగ్రిమెంటు చేతికి రాగానే పొలం నాదేనని గెనాలెక్కేవాళ్ళు చదవాల్సిన వాక్యం.

ఎరసున్న: చట్టం సరే, విభక్తి మాటేమిటి? ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ షష్ఠి కదా! కాబట్టి ఇది ఆస్తి లోపల కూర్చున్న హక్కు కాదు. ఆస్తి తాలూకు హక్కుల మోపులోంచి తీసిన ఒక పుల్ల.

గణవిభజన: అది నిర్ధారణ షష్ఠి, గుంపులోంచి ఒకరిని ఏరి చూపేది, ‘కవులలో తిక్కన’ లాంటిది. ఇక్కడ ఆస్తి ఏకవచనం. ఏరడానికి ఏముంది?

ఎరసున్న: హక్కులు బహువచనమే కదండీ.

గణవిభజన: ‘లో’ చేరింది ఆస్తికి, హక్కులకి కాదు!

దస్తావేజు లేఖరి: మేం రాసేది ‘సదరు ఆస్తియందు నాకు గల యావత్తు హక్కులు’. అందు, సప్తమి. గొడవ లేదు.

గణవిభజన: రెండూ ఒకటైతే పోతన ‘ఎవ్వని లోపలనుండు లీనమై, యెవ్వనియందు డిందు’ అని విడివిడిగా ఎందుకన్నాడు? ఉండటానికి లోపల, లయానికి అందు.

ఎరసున్న: ఛందస్సు కోసం.

గణవిభజన: యతి ‘జగమెవ్వని’ దగ్గర పడింది. ‘లోపల’ జోలికే రాలేదు. మళ్ళీ చూడండి.

మఫసల్ ప్లీడరు: వ్యాకరణమూ వ్యవహారమూ (అంటే న్యాయశాస్త్రమూ) రెండూ తెలిసినవాడు తిక్కన కాలపు కవి కేతన. ఆంధ్రభాషాభూషణమనే వ్యాకరణమూ ఆయనదే, మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర గ్రంథానికి తెలుగు విజ్ఞానేశ్వరీయమూ ఆయనదే. తాకట్టు సంగతి ఆయన్నే అడగాలి.

గణవిభజన: దశకుమారచరిత్రని తిక్కనకి అంకితమిచ్చిందీ ఆయనే. సంస్కృత మూలం దండిది కాబట్టి ఈయన్ని అభినవదండి అన్నారు, ఊరికేనా!

పాతకాగితం: ఇంతకీ... ‘పై’ అనే ఉన్నట్టు అనిపిస్తోంది.

మఫసల్ ప్లీడరు: ఐతే నిఘంటువే తప్పు.

ఎరసున్న: ఏ ముద్రణ అండీ?