రోజూ నడిపే ఎర్ర కారు రంగు పాలిపోయింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కల_టీచర్_ఒంగోలు

అందరికీ నమస్కారం. నా కారు ఎర్రది, 2015 మోడల్. మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇల్లు ఒంగోలులో, బడి చీమకుర్తి దగ్గర. రానూ పోనూ రోజుకు 40 కిలోమీటర్ల పైమాటే, అదీ కర్నూలు రోడ్డు మీద గ్రానైటు దిమ్మెల లారీల వెనక. బడికి చేరేసరికి ఎర్ర కారు కాస్తా బూడిద రంగుకు తిరుగుతుంది. బడి ఆవరణలో నీడనిచ్చే చెట్టు ఒక్క వేప. దాని కింద పెడితే కాకులు, పెట్టకపోతే ఎండ.

పోయిన ఆదివారం సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు మొదటిసారి కారును సరిగ్గా చూశాను. బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. టాపు మీద ఎరుపు విరిగి గులాబీ రంగులోకి దిగింది. డోర్ల మీద నీటి చుక్కలు ఎండిన తెల్ల మరకలు, ఎంత కడిగినా కదలవు. ఎడమవైపు వెనక డోరు మాత్రం తక్కిన కారుతో చుట్టరికం లేనట్టు వేరే ఎరుపులో ఉంది.

కడిగేది నేనే. వారానికి ఒకసారి, బకెట్టులో బోరు నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం, ఒక స్పాంజి. తక్కిన 6 రోజులూ మా మామయ్య గారి డ్యూటీ. పొద్దున్నే కాఫీ తాగగానే పాత పంచె ముక్క తీసుకుని, దుమ్ము మీదే పొడిగా, కారంతా నిగనిగలాడేలా తుడుస్తారు. 74 ఏళ్ల మనిషి, ఎంతో ఇష్టంగా చేస్తారు.

ఒక షెడ్డులో అడిగితే 2000 రూపాయలకు రబ్బింగ్ కొట్టి కొత్తదానిలా చేసిస్తామన్నారు. పోయినేడాది ఇంకో చోట ఇదే మాట నమ్మాను. రెండు నెలలు అద్దంలా మెరిసింది. ఆ తరువాత పాత గీతలన్నీ తిరిగి వచ్చాయి, వెంట కొత్త చుట్టాలను కూడా తీసుకొచ్చాయి. అందుకని ఈసారి నేనే నేర్చుకుని చేసుకోవాలని ఉంది. ఈ విద్యలో నాకు ఓనమాలు రావు. ఏది ముందు చేయాలి, ఏది అసలు చేయకూడదు? 5000 రూపాయలు దాటకుండా అయితే మేలు.

కొత్తపట్నం_గాలి

అక్కా, దీనికి ఇంత ఆలోచన దేనికి? నీళ్లలో కాస్త కిరోసిన్ కలిపి తుడవండి, తళతళలాడుతుంది. మా నాన్న అంబాసిడర్‌కు 20 ఏళ్లు అదే చేశారు. గీతల మీద టూత్‌పేస్టు రాయండి, పోతాయి.

షెడ్డు_మేస్త్రి_నెల్లూరు

తమ్ముడూ, మీ నాన్నగారి అంబాసిడర్ రోజులు వేరు. అప్పటి బండ్లకు రంగే పై పొర. పైపైన అరగదీస్తే కింద మళ్లీ అదే రంగు తేలేది. ఇప్పుడు రంగు మీద రంగులేని క్లియర్ కోటు ఉంటుంది, మా షెడ్డు భాషలో లాకరు. మెరుపంతా దానిదే, ఎండను ఆపేదీ అదే. కిరోసిన్ రాస్తే జిడ్డు గీతల్లోకి చేరి నాలుగు రోజులు కనబడనివ్వదు. ఆ జిడ్డుకే మళ్లీ దుమ్ము అంటుకుంటుంది. టూత్‌పేస్టు పళ్లకు.

టీచరు గారూ, నేను 22 ఏళ్లుగా డెంటింగ్, పెయింటింగ్ పని చేస్తున్నాను, కాబట్టి మా వృత్తి గుట్టు ఒకటి చెబుతాను. కంపెనీలో వేసే లాకరు మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ పిల్లలు పరీక్ష రాసే తెల్ల కాగితం సుమారు 100 మైక్రాన్లు. అంటే కాగితంలో సగానికి మించని పొర మీద మనం బతుకుతున్నాం. ముతక కాంపౌండు, అంటే అరగదీసే పేస్టు, పెట్టి మిషను తిప్పిన ప్రతిసారీ అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి, పోయినవి మళ్లీ రావు. పోయినేడాది మీకు కనిపించిన మెరుపులో సగం గీతలు పోవడం వల్ల వచ్చింది, సగం గీతల్లో నూనె నిండడం వల్ల వచ్చింది. నూనె కడుక్కుపోయాక అసలు ముఖం బయటపడింది. కొత్త గీతలంటారా, మురికి ప్యాడుతో మిషను తిప్పితే అవే మిగులుతాయి.

అందుకని ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు బండి పరిస్థితి ఏమిటో తెలియాలి. శుభ్రంగా కడిగి ఆరాక, తెల్ల గుడ్డకు చుక్క పాలిష్ అంటించి బానెట్ మీద ఒకచోట, ఆ వేరే ఎరుపు డోరు మీద ఒకచోట రుద్దండి. గుడ్డకు ఎరుపు అంటుతుందో లేదో చూడండి. గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే ఆ గీత పాలిష్‌కు లొంగదు, దాని వెంట పడితే లాకరు చిల్లుపడుతుంది. టాపు మీద పాలిపోయినచోట అంచు పొట్టులా లేస్తోందా? చివరగా చేతికి పల్చటి పాలిథీన్ కవరు తొడుక్కుని పెయింటు మీద నెమ్మదిగా రాయండి. వేళ్లకు తెలియని గరుకు కవరులోంచి తెలుస్తుంది.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకండి. ఆ సాలెగూడు లారీలు పెట్టింది కాదు. పంచె పెట్టింది.

రాతి_మెరుపు

మేస్త్రి గారి మాటకు సాక్ష్యం నేను. చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాను. మీ కారు మీద పడే దుమ్ము మేం కోసిన రాతి పొడే.

మేం గెలాక్సీ గ్రానైటు అంటాం కానీ, భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు దాన్ని గాబ్రో జాతి రాయి అంటారు. అందులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బాగా ఉంటుంది. గట్టిదనం కొలిచే మోహ్స్ కొలమానంలో దానిది 6, కిటికీ అద్దానిది 5.5, మన గోరుది 2.5. లాకరు చూస్తే ఒక రకం ప్లాస్టిక్. ఆ పొడి మీద పొడిగుడ్డ పెట్టి గుండ్రంగా తుడవడమంటే, మీ ఇంటి ముందు రోజూ పొద్దున్నే ఒక చిన్న పాలిషింగ్ యూనిట్ నడిపినట్టే. మేమైనా రాతిని నీళ్లు పారిస్తూ రుద్దుతాం. మీ మామయ్య గారు నీళ్లు కూడా లేకుండా రుద్దుతున్నారు.

మా పనికీ మీ పనికీ ఒక తేడా ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. మేం ముతక రాయితో మొదలుపెట్టి నునుపుకు వెళ్తాం. మా పలక మందం 20 మిల్లీమీటర్లు, కొంచెం అరిగినా అడిగేవాడు లేడు. 40 మైక్రాన్ల లాకరు అందులో 500వ వంతు, లెక్క మీరే చూసుకోండి. కాబట్టి మీరు తిరగేసి నడవాలి. అన్నిటికన్నా నునుపు పాలిష్ ముందు. దానితో పని కాకపోతేనే ఒక మెట్టు ముతకదానికి వెళ్లాలి.

కడగడం కూడా మార్చండి. ముందు చెయ్యి పెట్టకుండా పైపుతో నీళ్లు పారించి దుమ్మును జారనివ్వండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదానిలో కారు షాంపూ, ఇంకోదానిలో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ తొడుగును షాంపూలో ముంచి తుడిచి, ఉత్త నీళ్లలో జాడించి, ఆ తరువాతే మళ్లీ షాంపూలో ముంచాలి. టాపు నుంచి కిందికి రండి. చక్రాల దగ్గరి భాగం ఆఖరున, వేరే గుడ్డతో. మొదటి రోజు జాడించిన బకెట్టు అడుగున ఏం చేరిందో ఒకసారి చూడండి, మా యూనిట్ గుర్తొస్తుంది.

లెక్కల_టీచర్_ఒంగోలు

ఫలితాలు తెచ్చాను.

బానెట్ మీద గుడ్డకు ఎరుపు అంటలేదు. ఆ డోరు మీద మాత్రం పారాణి పూసినట్టు అంటింది! గోరు ఎక్కడా తట్టుకోలేదు, ఒక్క డిక్కీ తాళం దగ్గర తప్ప. కవరు తొడుక్కుని రాస్తే ఉప్పు చల్లిన బల్ల మీద చెయ్యి పెట్టినట్టుంది. టాపు ముందు భాగం మసకగా ఉంది, అంతే. వెనక అంచున మాత్రం అరచేయంత మేర పొట్టు లేస్తోంది. లాకరు లెక్క చూశాను, సరిగ్గా 500. రాత్రి నిద్ర పట్టలేదు.

మామయ్య గారికి ఇంకా ఏమీ చెప్పలేదు.

షెడ్డు_మేస్త్రి_నెల్లూరు

పొట్టు లేచిన అరచేయంత చోటును వదిలేయండి. అక్కడ లాకరు చచ్చిపోయింది, ఏ పాలిషూ బతికించదు. ఎప్పుడైనా టాపు పెయింటు వేయించుకోవాలి తప్ప దారి లేదు. పాలిష్ అమ్మేవాళ్లు పోతుందని చెబుతారు, నమ్మకండి. డోరుకు పాత యజమాని ఎక్కడో దెబ్బ తగిలించుకుని, లాకరు లేని రంగు వేయించాడు. దాన్ని తేలిగ్గా చేతితో ఒకసారి రుద్దితే చాలు. గుడ్డ ఎర్రబడితే భయపడకండి, కానీ అంచుల దగ్గర ఆగిపోండి.

ఇప్పుడు వరస. పని మొత్తం నీడలో, పొద్దున్నే, రేకు చేతికి చల్లగా తగిలేటప్పుడు. రోహిణి కార్తె ఎండలో బానెట్ మీద దోసె కాలుతుంది, పాలిష్ కూడా అలాగే మాడి అంటుకుపోతుంది.

తెల్ల మరకలు మీ బోరు నీళ్లలోని సున్నం. తెల్ల వినెగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డతో అద్ది, ఒక నిమిషం ఉంచి, బాగా కడిగేయండి. కొన్ని పోతాయి. లోపలికి తినేసినవి ఉంటాయి, వాటి సంగతి పాలిష్ చూసుకుంటుంది. ఇక ముందు మరకలు రాకుండా ఉండాలంటే ఆఖరి కడుగు బోరు నీళ్లతో వద్దు. ఇంటికి తాగడానికి తెప్పించుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్లలో సగం చాలు. కడిగిన వెంటనే ఆరబెట్టే గుడ్డను పైన పరిచి లాగండి, రుద్దకండి.

ఉప్పు చల్లినట్టున్న గరుకుకు క్లే బార్ అని మెత్తటి ముద్ద దొరుకుతుంది. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ, బరువు పెట్టకుండా జార్చాలి. గరుకు పోయాక అదే జారుతుంది, చేతికి తెలుస్తుంది. ముద్ద కింద పడితే పారేయండి. కడిగి వాడదామని అనిపిస్తుంది, అనిపించనివ్వకండి.

తరువాత పాలిష్. మిషను ఇప్పుడే కొనకండి. కొనే రోజు వస్తే మా షెడ్లలో వాడే ఒకే చోట గిరగిరా తిరిగే రకం వద్దు, అది అంచుల దగ్గర క్షణంలో కాల్చేస్తుంది. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ రకం కొత్తవాళ్లకు మంచిది. ముందు చేత్తో, స్పాంజి ప్యాడుకు నాలుగు చుక్కలు పెట్టి, రెండడుగుల చదరం చొప్పున చేయండి. బానెట్ మధ్యలో టేపు అంటించి ఒక సగమే చేసి చూడండి. తేడా కళ్లకు కనిపిస్తేనే రెండో సగం. ఆఖరున లాకరుకు కాపుగా వ్యాక్స్ (మైనం) గానీ సీలెంట్ గానీ పల్చగా. వ్యాక్స్ మన ఎండలకు కొన్ని వారాలు, సీలెంట్ కొన్ని నెలలు ఉంటుంది. ఈ దుమ్ములో రోజూ తిరిగే బండికి నేనైతే సీలెంటే వేస్తాను. సిరామిక్ కోటింగ్ మంచిదే, మీ 5000లో రాదు. గీతల మీద వేస్తే గీతలు కూడా భద్రంగా ఉంటాయి.

కొత్తపట్నం_గాలి

మేస్త్రి గారూ, మా కారు సముద్రం పక్కనే ఉంటుంది. రంగు బాగానే ఉంది కానీ డోర్ల కింద తుప్పు వస్తోంది. సీలెంటు వేస్తే ఆగుతుందా?

షెడ్డు_మేస్త్రి_నెల్లూరు

ఆగదు. కిందనుంచి మంచినీళ్లతో కడగండి. డోరు అడుగున నీళ్లు పోయే చిల్లులు ఉంటాయి, మట్టితో పూడిపోయి ఉంటాయి చూడండి. కిరోసిన్ మానేశారా?

లెక్కల_టీచర్_ఒంగోలు

మూడు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం వినెగర్, క్లే. ముద్ద ఒకసారి కింద పడింది. పారేశాను, మనసు ఒప్పలేదు, అయినా పారేశాను. రెండో ఆదివారం బానెట్ సగం. భుజం పడిపోయింది, కానీ టేపు తీశాక పక్కింటివాళ్లను కూడా పిలిచి చూపించాను. సాలెగూడు మొత్తం పోలేదు. నాకు తోచినంతలో నూటికి 60 పాళ్లు పోయింది. ముతకది వాడితే ఇంకా పోతుందని తెలుసు, వాడలేదు. టాపు ముందు భాగంలో ఎరుపు తిరిగి వచ్చింది. మూడో ఆదివారం డోర్లు, ఆపైన సీలెంటు. ఆ వేరే ఎరుపు డోరుకు మూడు గుడ్డలు ఎర్రబడ్డాయి. మిషను కొనలేదు కాబట్టి అన్నీ కలిపి 2850 అయింది.

మామయ్య గారి విషయం. చెప్పడానికి ధైర్యం చాలక, కడిగిన బకెట్టు అడుగున చేరిన పొడిని ఆయన చేతిలో వేశాను. వేళ్ల మధ్య నలిపి చూశారు. "ఇది పెట్టి నేను తుడుస్తున్నానా ఇన్నాళ్లూ?" అన్నారు. ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున "మరి కాఫీ తాగాక నేను ఏం చేయాలి?" అని అడిగారు. అందుకని కాకి రెట్టల శాఖ ఆయనకు అప్పగించాను. సాయంత్రం నేను ఇంటికి రాగానే కారు చుట్టూ ఒక చుట్టు తిరుగుతారు. రెట్ట కనిపిస్తే తడిపిన మెత్తటి గుడ్డ దాని మీద కప్పి, పది నిమిషాలు నానబెట్టి, రుద్దకుండా ఎత్తుతారు. ఆ పది నిమిషాలూ పక్కనే కుర్చీ వేసుకుని గడియారం చూస్తూ కూర్చుంటారు.

పంచె ముక్కను మాత్రం పారేయనివ్వలేదు. ఉతికి, మడిచి డిక్కీలో పెట్టారు. అద్దాలకు పనికొస్తుందట. అద్దాలకు పరవాలేదా, మేస్త్రి గారూ?

షెడ్డు_మేస్త్రి_నెల్లూరు

తడిపి తుడిస్తే పరవాలేదు. పొడిగా వద్దు, రాతి_మెరుపు గారు చెప్పిన 5.5, 6 లెక్క ఆయనకు మీరే చెప్పండి. టాపు వెనక అంచును కార్తీక మాసం వానల లోపు ఎవరికైనా చూపించండి, పొట్టు కిందికి నీరు దిగితే పని పెరుగుతుంది.