బీబీసీ మైక్రో ఎమ్యులేటర్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే ఆగట్లేదు, ఎందుకు?

హన్మకొండ_పోరడు:
అన్నలారా, మా బాపు ఇక్కడే ఒక బడిలో లెక్కల సారు. 1984లో మొదలైన క్లాస్ పథకం (బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే సర్కారు పథకం) కింద బళ్లకు బీబీసీ మైక్రోలు, అంటే అప్పటి బ్రిటిష్ కంప్యూటర్లు, ఇచ్చారు కదా, వాళ్ల బడికీ వచ్చింది, దాని మీద పిల్లల కోసం ఎక్కాల ప్రోగ్రామ్ రాసుకున్నాడు. మొన్న బీరువా సర్దుతుంటే ఫ్లాపీ దొరికింది, దాంతోపాటు క్యాసెట్ కాలం నాటి ప్రింటవుట్ కూడా. ఫ్లాపీని ఇమేజ్ చేసి మేమ్‌లో (పాత మెషీన్లను ఇప్పటి కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్) నడిపిస్తే చక్కగా నడుస్తోంది కానీ కొత్త ఎక్కం మొదలవగానే మార్కులు ఏవేవో అంకెలు చూపిస్తున్నాయి. బేసిక్ మధ్యలో అసెంబ్లీ (ప్రాసెసర్ ఆజ్ఞలను నేరుగా రాసే భాష) ముక్క ఒకటుంది, మార్కులు కూడేది అదే. ప్రింటవుట్‌లో దాని చిరునామా హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) 2500 అని ఉంది. అక్కడ బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ అక్కడికి రాగానే ఆగమనే గుర్తు) పెట్టి పది ప్రశ్నలకు జవాబులిచ్చినా ఒక్కసారీ ఆగలేదు. రెండు రాత్రులు పోయాయి, బాపు మాత్రం రోజూ అడుగుతున్నాడు అయిందా అని.

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, బ్రేక్‌పాయింట్ తప్పేం లేదు, కోడే అక్కడ లేదు. క్యాసెట్ మెషీన్‌లో బేసిక్ ప్రోగ్రామ్ హెక్స్ ఈ00 (E00) దగ్గర మొదలవుతుంది. డిస్క్ ఇంటర్‌ఫేస్ ఉంటే ఆ సిస్టమ్ తనకు కొంత మెమరీ తీసుకుంటుంది కాబట్టి 1900కు జరుగుతుంది. తేడా 2816 బైట్లు, హెక్స్‌లో బీ00. బాపు డిమ్‌తో (బేసిక్‌లో మెమరీ కేటాయించే ఆజ్ఞ) జాగా తీసుకొని అందులో అసెంబుల్ చేసి ఉంటే ఆ జాగా ప్రోగ్రామ్ వెనకాలే వస్తుంది, ప్రోగ్రామ్ జరిగితే అదీ జరుగుతుంది. ప్రోగ్రామ్ మారకపోతే 2500లో ఉండాల్సింది ఇప్పుడు 3000లో ఉంటుంది. ఊహ మీద పోకు, రన్ చేశాక ఎస్కేప్ కొట్టి డిమ్‌లో వాడిన వేరియబుల్‌ను టిల్డ (~) పెట్టి ప్రింట్ చేయి, హెక్స్‌లో చెప్తుంది (మోడ్ 7 అనే తెర రకంలో టిల్డ భాగహారం గుర్తులా కనపడుతుంది, కంగారు పడకు). రన్ చేయకముందు ఆ కోడ్ మెమరీలో ఉండనే ఉండదు, రన్‌లోనే పుడుతుంది.

ఇంకోటి, చిరునామా ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైట్‌దే అయ్యుండాలి. బీబీసీ మైక్రో ప్రాసెసర్ 6502లో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ 1 నుంచి 3 బైట్లు, నడిమి బైట్ మీద పెడితే పీసీ (ఏ ఇన్‌స్ట్రక్షన్ నడుస్తోందో చెప్పే లెక్క) అక్కడికి రాదు, జన్మలో ఆగదు. డిస్అసెంబ్లీ విండో చూసి పెట్టు.

ములుగు_రోడ్:
పై మాట నిజమే కానీ మీ అసలు జబ్బుకు బ్రేక్‌పాయింట్ కన్నా వాచ్‌పాయింట్ మంచిది. కూడే కోడ్ దగ్గర ఆగితే కూడడం కనపడుతుంది, చెడగొట్టేది ఎవరో కనపడదు. మార్కులు మెమరీలో ఏ గదిలో దాచాడో చూడండి, ఆ గదిలో ఎవరు రాసినా ఆగమని చెప్పండి. బాపు గారి కోడ్ కూడా అక్కడే రాస్తుంది కదా, అందుకని పీసీ 3000 కన్నా తక్కువైతేనో 3100 కన్నా ఎక్కువైతేనో ఆగు అని షరతు పెట్టండి. మేమ్ డీబగ్గర్‌లో అంకెలన్నీ హెక్స్‌గానే తీసుకుంటుంది, డెసిమల్ కావాలంటే ముందు హ్యాష్ పెట్టాలి. నేను 19 అని కొట్టి ఒక సాయంత్రమంతా తిప్పలు పడ్డాను, అది తీసుకున్నది 25.

హన్మకొండ_పోరడు:
దొరికింది అన్నా! కోడ్ 3000లోనే ఉంది, అక్కడ పెడితే సరైన జవాబు ఇచ్చిన ప్రతిసారీ ఆగింది. మార్కులు జీరో పేజీలో (మెమరీ మొదటి 256 బైట్లు) ఏ0, ఏ1 (A0, A1) గదుల్లో ఉన్నాయి. వాచ్‌పాయింట్ పెట్టి కొత్త ఎక్కానికి వెళ్లగానే, ప్రశ్నల ఫైల్ చదివేటప్పుడు ఆగింది, పీసీ చూస్తే బాపు కోడ్ కాదు, డిస్క్ సిస్టమ్ కోడ్.

కాజీపేట_జంక్షన్:
అంతే మరి. ఏ0 నుంచి ఏ7 దాకా ఎన్ఎంఐ (ప్రాసెసర్‌ను వెంటనే ఆపి పని చేయించుకునే సంకేతం) కోడ్ సొత్తు, డిస్క్ నుంచి బైట్లు వచ్చేటప్పుడు డిస్క్ సిస్టమ్ అవి వాడుకుంటుంది. క్యాసెట్ ఉన్నన్నాళ్లు ఆ గదుల జోలికి ఎవరూ రాలేదు, అందుకే అప్పట్లో బాగానే నడిచింది. బేసిక్ వాడేవాళ్లకు వదిలేసినవి 70 నుంచి 8ఎఫ్ వరకు, మార్కులను 70, 71కి మార్చు.

హన్మకొండ_పోరడు:
మార్చాను, పదిహేడో ఎక్కం దాకా మార్కులు కరెక్ట్‌గా వచ్చాయి. బాపు పక్కనే కూర్చొని చూశాడు. ఫ్లాపీ డ్రైవ్ వచ్చాక ఆ అంకెలు చెడుతుంటే పిల్లలే ఏదో కీ నొక్కుతున్నారని తిట్టేవాడట, ఇప్పుడు వాళ్లలో ఒకాయనకు ఫోన్ చేస్తున్నాడు.