71 ఏళ్ల నాన్నకి కరెంటు ట్రీట్‌మెంట్: ఒప్పుకోవాలా, వద్దా?

తాటాకుపందిరి:
నాన్న మూడు వారాలుగా మానసిక ఆసుపత్రిలో ఉన్నారు. తీవ్రమైన డిప్రెషన్. ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్తే "నాకు పేగులే లేవురా, ఎక్కడికి పోతుంది అన్నం" అంటారు. ఇంతకుముందు వాడిన ఒక మందుకి ఒంట్లో సోడియం పడిపోయి రెండ్రోజులు మమ్మల్నే గుర్తుపట్టలేదు. ఇప్పుడు ఈసీటీ, అంటే తలకి కరెంటు పెట్టే చికిత్స, అంటున్నారు. అన్నయ్య సరేనన్నాడు. అక్క మాత్రం "నాన్నకి షాకులు పెట్టిస్తార్రా?" అని ఒకటే ఏడుపు. మీరేమంటారు?

గోల్కొండ_గాలి:
మా మేనత్తకు ఇప్పిచ్చినం. తిండి తిన్నది, నవ్వింది, కాదన. కానీ మనవడి పెండ్లి అయిందన్నదే యాదికి లేదు. ఆల్బం చూపెడితే "ఈ పట్టుచీర నాదేనా" అన్నది. గిట్లయితదని ముందుగాల ఒక్కరన్నా చెప్పలే. నేనైతే వద్దనే అంట.

వార్డుసిస్టర్:
మేనత్తగారి సంగతి నిజమే అయ్యుంటుంది. మరపు వస్తుంది, ఎక్కువగా ఆ కొన్ని నెలల సంగతులు పోతాయి. కరెంటు తలకి ఒకవైపే పెట్టి, వారానికి రెండుసార్లే ఇస్తే కొంత తగ్గుతుంది. అది ముందే చెప్పకపోవడం తప్పే.

కానీ సినిమాల్లో చూపించే కాళ్లూ చేతులూ కట్టేసే తంతు కాదండీ ఇది. మత్తు, కండరాలు సడలే మందు లేకుండా ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకొస్తాం. కట్టుడు పళ్లు తీసి, పేరు రాసిన డబ్బాలో పెడతాం. కాలి వేళ్లు కాసేపు అదురుతాయి, ఒక్కోసారి అదీ సరిగ్గా కనబడదు. మెలకువ రాగానే చాలామంది అడిగేది "నా పళ్లేవమ్మా?" అనే.

పేగులు లేవనే భ్రమతో తిండి మానేసిన పెద్దవాళ్లకి వయసులో ఉన్నవాళ్లకంటే బాగా పనిచేస్తుంది. ఈ వయసులో తిండీ నీళ్లూ లేకుండా ఎన్నాళ్లు లాగుతారు? గుండె పరీక్షలు చేయించండి. తగ్గాక మందులు ఆపితే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, అది మర్చిపోకండి.

గోల్కొండ_గాలి:
సిస్టర్ చెప్పింది మంచిగనే ఉన్నది. అన్న ఒప్పుకున్నడు, అక్క ఏడుస్తున్నది. నాయినను అడిగిండ్రా?

తాటాకుపందిరి:
మొన్నటి దాకా ఎవరం అడగలేదు. సాయంత్రం మంచం పక్కన కూర్చుని నేనే అడిగాను. "లేని పేగులకి కరెంటు ఎందుకురా, డబ్బు దండగ" అన్నారు. ఇది వద్దనడమా? జబ్బు మాటా?

వార్డుసిస్టర్:
అది మనం ఇక్కడ తేల్చేది కాదు. నిర్ణయం తీసుకునే శక్తి ఆయనకి ఉందో లేదో డాక్టరుగారు చూసి రాయాలి. శక్తి లేదని రాస్తే, నామినీగా, అంటే వైద్యం విషయంలో ఆయన తరఫున మాట్లాడే మనిషిగా, పేరున్నవాళ్లు తాత్కాలికంగా ఒప్పుకోవచ్చు. కానీ ఇలా నామినీ ద్వారా చేర్చుకునే 30 రోజుల అడ్మిషన్‌లో ఆ శక్తి వచ్చిందేమో ప్రతి ఏడు రోజులకీ మళ్లీ చూడాల్సిందే. తేరుకుని వద్దంటే ఆ మాటే చెల్లుతుంది.

గోల్కొండ_గాలి:
గట్లయితే నేను వద్దన్నది వాపస్ తీసుకుంట. సగమే. పెండ్లి ఆల్బం సంగతి మాత్రం డాక్టరును అడుగు తమ్మీ.

తాటాకుపందిరి:
శుక్రవారం చూస్తామన్నారు. అక్క కూడా బస్సెక్కింది. నామినీ కాగితంలో పేరు ఆమెదే, ఇందాకే చూశాం.