వలపలా, వెలపలా? ముడసర్లోవలో విన్న ఒక మాట

ఎం.వి.పి. కాలనీ నుంచి: ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో ఒకప్పుడు ఒక పెద్దాయన క్యాడీగా, అంటే ఆటగాళ్ళ కర్రలు మోసే పనిలో ఉండేవారు. సేద్యం చేసిన మనిషి. నేను డ్రైవర్ అనే పొడుగు కర్రతో కొట్టిన బంతి తిన్నగా బయల్దేరి, సగం దూరం పోయాక కుడికి తిరిగి పొదల్లో పడేది. ఆయన చూసి చూసి, "కర్ర దాపలకి లాగేత్తే బంతి వలపలకి ఎల్పోద్ది బాబూ" అన్నారు. బంతి అలా కుడికి వంగిపోవడాన్ని స్లైస్ అంటారు. ఇప్పుడు ఆ స్లైస్ మళ్ళీ పట్టుకుంది, ఆ మాటా గుర్తొచ్చింది. కానీ ఆయన అన్నది 'వలపలకి' అనా, 'వెలపలకి' అనా?

సీతమ్మధార నుంచి: వలపలే. కావ్యాల్లో డాకేలు, వలకేలు జంటగా వస్తాయి కదా. డా ఎడమ, వల కుడి. దాపల, వలపల కూడా ఆ జంటే. తమిళుల వలం, కన్నడిగుల బల దీని తోబుట్టువులు.

అనకాపల్లి నుంచి: మా వైపు కాడికి కట్టేవి దాపటెద్దు, ఎలపటెద్దు. 'వెళ్ళు' 'ఎళ్ళు' అయినట్టు, 'వెల'లో వకారం పోతేనే 'ఎల' మిగులుతుంది. 'వల' ఎక్కడైనా 'ఎల' అయిందా? అరక మలుపు తిరిగేటప్పుడు ఒక ఎద్దు లోపల, ఒకటి వెలుపల. దాపున ఉన్నది దాపటిది. పెద్దాయన నాగలి పట్టిన మనిషి కాబట్టి వెలపలే అని ఉంటారు.

సీతమ్మధార నుంచి: దాపలని దాపు అనుకోబట్టే గజేంద్రమోక్షంలో పోతన 'అల వైకుంఠపురంబులో' పద్యానికీ అర్థం చెడుతోంది. 'నా మూల సౌధంబు దాపల' అంటే మందారవనం సౌధానికి దగ్గర్లో అని కాదు, ఎడమ పక్కన అని.

పెదవాల్తేరు నుంచి: మాస్టారూ, అక్కడ ప్రాస చూడండి. నాలుగు పాదాల మొదళ్ళు అల, పల, త్పల, హ్వల. లకారం పడాలి, 'దాపున' ఇమడదు. సామీప్యమే ఆయన ఉద్దేశం. తోట ఎడమనుంటే ఏమిటి, కుడినుంటే ఏమిటి?

సీతమ్మధార నుంచి: ఏమిటంటారేమిటండీ! ఏనుగు మొర స్వామి చెవిన పడేలోగా పోతన మనల్ని వెంటబెట్టుకుని నడుస్తున్నాడు. అల్లంత దూరాన వైకుంఠం, అందులో నగరు, సౌధం, దానికి ఎడమన మందారవనం, అందులో అమృతసరస్సు, ఒడ్డున చంద్రకాంత శిల, దానిపై కలువల పాన్పు. దారి తెలిసినవాడు ఏ పక్కో చెబుతాడు, 'పక్కనే' అని వదిలెయ్యడు. పైగా 'హాలికులైననేమి' (నాగలి దున్నేవాళ్ళయితేనేం) అన్న చాటువు ఆయనదేనని లోకం చెప్పుకుంటుంది. అరక పట్టిన కవికి దాపల ఏ వైపో తెలియదా?

రుషికొండ నుంచి: అందరూ బంతిని వదిలేశారు. ఆ మాటలో మందు 'దాపలకి లాగేత్తే' దగ్గరుంది. కర్ర బయటి నుంచి లోపలికి, ఎడమకి కోసుకుంటూ వస్తోంది. ఆ దారితో పోలిస్తే క్లబ్ ముఖం, అంటే కర్ర చివర బంతికి తగిలే పలక, కుడికి తెరుచుకుని ఉంది. బంతి బయల్దేరే దిక్కు ఎక్కువగా ముఖాన్ని బట్టి ఉంటుంది, గాల్లో వంపు ఈ తేడాని బట్టి వస్తుంది. కుడికి పోతోంది కదా అని ఎడమకి గురిపెట్టారో, కోత పెరుగుతుంది, వంపూ పెరుగుతుంది. ఎడమ చేతి పట్టు కాస్త కుడికి తిప్పండి. పైనుంచి చూస్తే రెండు మూడు మెటికలు కనపడాలి. భుజాలు గురికి సమాంతరంగా పెట్టండి. బంతికి అవతలి పక్క, కాస్త వెనగ్గా హెడ్‌కవర్ (కర్ర తలకి వేసే తొడుగు) ఉంచి, దానికి తగలకుండా కొట్టండి. ముందు ఏడో నంబరు ఐరన్‌తో, అంటే డ్రైవర్ కన్నా పొట్టి కర్రతో, మొదలెట్టండి. డ్రైవర్‌కి లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలే వాలు) తక్కువ, అందుకే వంపు అందులో బాగా బయటపడుతుంది.

అనకాపల్లి నుంచి: చూశారా, కర్ర వెలుపలి నుంచే వస్తోందట! పెద్దాయన చెప్పింది బంతి గురించి కాదేమో, కర్ర గురించే. 'వెలపల్నించి' అని ఉంటారు.

సీతమ్మధార నుంచి: వెలుపలలో ఉకారం ఏమైందో ముందు చెప్పండి.

పెదవాల్తేరు నుంచి: అది తేలేలోగా ఇంకొకటి. 'ఆ మూల సౌధం' (పద్యంలో సంధి వల్ల 'నా మూల' అయింది) అంటే ఆ మూలనున్న మేడా, అన్నిటికీ మూలమైన మేడా? ఆ మూలనున్నదైతే దాపల ఎడమే అవ్వాలని నేనూ ఒప్పుకుంటాను.